నోవా స్కోషియా యాత్ర: గళ్ల గుడ్డ ఒకచోట, తాతల పేర్లు ఒకచోట

హాలిఫాక్స్‌లో కారు అద్దెకు తీసుకుని మూడు రోజులు తిరిగాం. కెనడాలోని ఈ రాష్ట్రం పేరు, నోవా స్కోషియా, అంటేనే 'కొత్త స్కాట్లండ్'. కారు గురించి ముందే ఒక మాట: ఆన్‌లైన్‌లో చూపించిన రేటు ఒకటి, కౌంటర్ దగ్గర బిల్లు ఒకటి. ఇన్సూరెన్స్ కలిపి ఎంతో బుక్ చేసేటప్పుడే అడగండి.

మొదట పిక్టో. 1773లో హెక్టర్ అనే ఓడ స్కాట్లండ్ కొండప్రాంతమైన హైలాండ్స్ నుంచి వలసజనాన్ని దింపింది ఈ రేవులోనే. దాదాపు 190 మంది బయల్దేరితే, మశూచి, విరేచనాలతో దారిలోనే కొందరు పోయారు. ఓడ నమూనా ఇక్కడే కట్టారు. గంట చాలు.

రాత్రికి బాడెక్‌లో బస. గది శుభ్రం, మంచం మెత్తన. శాకాహారులకు మాత్రం ఓట్‌కేకులు, గుడ్లు, మళ్లీ ఓట్‌కేకులే. పచ్చడి సీసా వెంట ఉంది కాబట్టి గట్టెక్కాం.

దగ్గర్లోనే సెయింట్ ఆన్స్‌లో 1938 నాటి గేలిక్ కాలేజీ ఉంది. గేలిక్ అంటే ఆ వలసజనం వెంట తెచ్చుకున్న భాష. చుట్టుపక్కల ఏ షాపులో చూసినా టార్టన్ గళ్లే, అంటే స్కాట్లండ్ వాళ్ల రంగురంగుల గళ్ల ఉన్ని గుడ్డ. వంశానికో రకం గళ్లు అన్న పద్ధతి చాలావరకు 19వ శతాబ్దంలో స్థిరపడింది. నోవా స్కోషియా సొంత టార్టన్ అయితే 1953లో పుట్టింది. ఇదంతా మా ఆవిడకి చెబుతూనే ఒక మఫ్లర్ కొన్నాను. చలి అలాంటిది మరి.

అసలు చూడాల్సింది అయోనాలోని హైలాండ్ విలేజ్ అనే ఆరుబయట మ్యూజియం. లిటిల్ నారోస్ దగ్గర కేబుల్ ఫెర్రీ ఎక్కితే నిమిషాల్లో అవతలి ఒడ్డు. సరస్సు మీదికి చూసే కొండవాలులో రాతిగోడల పూరిల్లు, దుంగల ఇల్లు, బడి. పాతకాలపు గౌనులో ఉన్న ఒకావిడ మావాణ్ణి చూసి గేలిక్‌లో ఏదో అడిగింది. అర్థం చెప్పేసరికి మా ఆవిడ ఫక్కున నవ్వింది. 'ఎవరి తాలూకు నువ్వు?' తెనాలి పెళ్లిళ్లలో మమ్మల్ని అడిగే ప్రశ్నే! ఊరినిండా మెక్‌డోనాల్డ్ ఇంటిపేరు వాళ్లే అయితే పేరొక్కటే చాలదు కదా. ఆవిడ తన పేరు, తండ్రి, తాత, ముత్తాత వరుసగా అప్పజెప్పింది. బల్ల చుట్టూ కూర్చుని తడి ఉన్ని గుడ్డని బాదుతూ పాడించారు కూడా. ఒకరు ఎత్తుకుంటే అందరూ అందుకోవడం, అచ్చం నాట్ల పాటే. గేలిక్ మాట్లాడితే బళ్లో కొట్టేవారట. అందుకే వాళ్లమ్మ ఇంట్లో నేర్పలేదు, ఆవిడ నలభై దాటాక నేర్చుకుంది. రెండు గంటలు అనుకున్నది సాయంత్రమైంది. జూన్ నుంచి అక్టోబర్ మధ్యలో వెళ్లండి, చలికాలం మూసేస్తారు.

మూడోరోజు మాబూలో ఫిడేలు వినాలంటే పెందలాడే వెళ్లాలి. ఆలస్యమై గోడకి ఆనుకుని విన్నాం.

ఇంతకీ అయోనా నుంచి తిరిగొస్తుంటే మావాడు తన వరుస మొదలుపెట్టాడు. నా పేరు, మా నాన్న పేరు చెప్పి ఆగాడు. "తర్వాతెవరు నాన్నా?" నాకూ తట్టలేదు. సిగ్నల్ తగలగానే పెదనాన్నకి ఫోన్ చేశాను. అక్కడ రాత్రి ఒంటిగంటన్నర.

"ఏమైందిరా?" అన్నాడు కంగారుగా.