పట్టాలు పీకేసిన దారిలో 152 కిలోమీటర్లు: ఒటాగో సెంట్రల్ రైల్ ట్రయిల్

న్యూజిలాండ్ దక్షిణ దీవిలో క్లైడ్, మిడిల్‌మార్చ్ ఊళ్ల మధ్య ఒకప్పుడు రైలు తిరిగేది. 1990లో లైను మూతపడింది. పట్టాలు పీకేసి, 2000లో దారి మొత్తాన్ని సైకిళ్లకూ నడిచేవాళ్లకూ తెరిచారు. టికెట్ లేదు. రైలు దారి కాబట్టి సులువుగా అయిపోతుందని మూడు రోజులకే గదులు బుక్ చేసుకోవడం ఇక్కడ అందరూ చేసే పొరపాటు. నాలుగైదు రోజులు పెట్టుకోండి.

ఎక్కుడు ఎక్కడా 50 మీటర్లకు ఒక మీటరు దాటదన్న మాట నిజమే. ఎత్తైన చోటు కూడా 618 మీటర్లే. కానీ కింద ఉన్నది తారు కాదు, కంకర. దాని మీద చక్రం ఊరికే దొర్లదు, వాలులో కూడా తొక్కాల్సిందే. కాళ్ల కంటే ముందు సీటు మీద కూర్చునే భాగం నొప్పెడుతుంది. పావుగంటకోసారి పెడల్స్ మీద లేచి నిలబడితే చాలా నయం. ఎదురుగాలి లేచిందంటే వేగం సగానికి పడిపోతుంది, అందుకే పొద్దున్నే బయల్దేరడం మంచిది.

ఈ దారికి ప్రాణం లాడర్, ఒటురెహువా ఊళ్ల మధ్య ఉన్న పూల్‌బర్న్ లోయ. 201, 229 మీటర్ల సొరంగాలు రెండు, 37 మీటర్ల ఎత్తున రాతి స్తంభాల మీద నిలిచిన వంతెన ఒకటి, అన్నీ ఒకేచోట. ఆ రోజుకు ఇంకే పనీ పెట్టుకోకండి. సొరంగంలో దీపాలుండవు. ఎండలోంచి వచ్చిన కళ్లకు లోపల ఏమీ ఆనదు, నేల కూడా ఎగుడుదిగుడు. ముందే చలవ అద్దాలు తీసేసి, టార్చ్ వేసుకుని, సైకిల్ నడిపించుకుంటూ వెళ్లండి. ఫోను వెలుతురు చాలదు.

వంతెనలు అరవై పైమాటే. చెక్కలు మొదలయ్యే చోట కంకర కుంగి, అంచు పైకి తేలి ఉండొచ్చు. గాలి తక్కువున్న టైరుతో దాని మీదికి దూకిస్తే, రిమ్ముకూ అంచుకూ మధ్య ట్యూబు నలిగి, పాము కాటేసినట్టు పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. అలాగని గాలి బిగించి కొడితే కంకర మీద చక్రం ఎగురుతుంది, పట్టు పోతుంది. 40 మిల్లీమీటర్ల వెడల్పు టైరుకు 40-45 పీఎస్ఐ (పంపు మీద కనిపించే గాలి ఒత్తిడి కొలత) సరిపోతుంది, సామాను బరువుంటే కాస్త పెంచండి. సన్నటి రోడ్డు టైర్లు ఇక్కడ పనికిరావు.

అద్దె సైకిళ్లు, సామాను మోసిపెట్టే సేవ రెండూ దొరుకుతాయి. తీసుకునేటప్పుడు స్పేర్ ట్యూబు సైజు చక్రానికి సరిపోతుందా, పంపు ఆ వాల్వుకు పడుతుందా అని అక్కడే పెట్టి చూసుకోండి. క్యారియర్ బోల్టులు కూడా బిగించి చూడండి, కంకర అదురుకు మొదట వదులయ్యేది అవే. బ్యాటరీ సైకిలైతే ఛార్జర్ వెంట ఉండాలి. ఎదురుగాలిలో, చలిలో ఛార్జ్ త్వరగా తరిగిపోతుంది.

దారిలోని రాన్‌ఫర్లీ ఊరి చుట్టూ ఉన్న మైదానం తిన్నగా, కాస్త విసుగ్గా సాగుతుంది. హైడ్ అనే ఊరి దగ్గర మాత్రం ఆగండి. 1943లో ఈ లైను మీద రైలు పట్టాలు తప్పి 21 మంది చనిపోయారు, వాళ్ల స్మారకం అక్కడ ఉంది. హైడ్ నుంచి మిడిల్‌మార్చ్‌కు సుమారు 27 కిలోమీటర్లు. నీడ, దుకాణాలు దాదాపు లేనట్టే. హైడ్‌లోనే సీసాలు నింపుకోండి, మనిషికి రెండు లీటర్లకు తగ్గకుండా.