డీజిల్‌లో పోసే నూనె సీసాలతో జాగ్రత్త: ఆటోనగర్‌లో నాకు జరిగినది

విశాఖ ఆటోనగర్‌లో ఆ దుకాణం ఏదో గాజువాక వైపు తిరిగేవారికి నేను పేరు పెట్టి చెప్పనక్కరలేదు. బీఎస్ 6 (కాలుష్యం తగ్గించే ప్రమాణం) డీజిల్‌లో గంధకం తగ్గిపోయి పంపు, ఇంజనులోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు అరిగిపోతున్నాయనీ, ట్యాంకుకు ఒక సీసా నూనె కలిపితే ఇంజను పదేళ్లు ఎక్కువ బతుకుతుందనీ దుకాణదారు చెప్పగా నమ్మి, ₹650 చొప్పున ఎనిమిది సీసాలు కొన్నాను. బిల్లు అడగలేదు. ఇరవై రెండేళ్లుగా ఇతరుల బిల్లులు తనిఖీ చేసి జీతం తీసుకుంటున్న మనిషిని నేను.

ఆరో సీసా పోసిన వారానికి, శృంగవరపుకోట దాటి అరకు ఘాట్ ఎక్కుతుండగా డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) దీపం వెలిగి, బండి లాగడం మానేసింది. సర్వీసు సెంటరులో ఇంజెక్టరు విప్పి చూపించారు: మొన చుట్టూ గోటితో గీకినా రాని నల్లటి పెచ్చు. డీజిల్ తుంపరగా పడక, సరిగా కాలక, మసి అంతా ఫిల్టరులో చేరిందన్నారు. మసినైతే దాదాపు 600 డిగ్రీల వేడిలో ఫిల్టరు తానే కాల్చుకుంటుంది. కందెన నూనెల్లోని కాల్షియం, జింకు మిగిల్చే బూడిద మాత్రం ఎంత వేడికీ పోదట. సీసాల సంగతి వినగానే వారంటీ వర్తించదన్నారు. ₹46,000 కట్టాను.

డబ్బు పోయినందుకు కాదు నా కోపం. మొదటి రోజు "గురువుగారూ" అంటూ కుర్చీ తుడిచి, టీ తెప్పించి, "ఒక మూత ఎక్కువైనా మంచిదే గానీ చెడు లేదండీ" అన్న మనిషే, మొన్న నేను ఇంజెక్టరు ఫొటో చూపిస్తే తలైనా ఎత్తకుండా, ఇంకొకరికి అవే సీసాలు సంచిలో సర్దుతూ, "కొలత లేకుండా పోసుకుంటే నన్నేటి చెయ్యమంటారు? బిల్లుందా?" అన్నాడు. ఆ కొనేవాడు నన్ను జాలిగా చూశాడు. డబ్బు మాత్రం ఇచ్చి, సీసాలు పట్టుకెళ్లాడు.

2020 ఏప్రిల్ నుంచి డీజిల్‌లో గంధకం 10 పీపీఎం (పది లక్షల పాళ్లలో పది) మించకూడదన్నది నిజమే. అయితే దాన్ని తీసే క్రమంలో తగ్గిన కందెన గుణాన్ని రిఫైనరీలోనే మందు కలిపి సరిచేసి పంపుతారు. మల్కాపురం రిఫైనరీ ఉన్న ఊళ్లోనే పుట్టి పెరిగి, డీజిల్ గురించి సీసాలమ్మేవాడి దగ్గర పాఠం చెప్పించుకున్నాను.

కొనేముందు మీ బండి మాన్యువల్‌లో ఇంధనం పేజీ చదవండి, బిల్లు తీసుకోండి. మిగిలిన రెండు సీసాలూ నా డిక్కీలోనే ఉన్నాయి. వాటి మీద తయారీదారు చిరునామా లేదని నిన్న రాత్రే గమనించాను.