ఐసీయూ నర్సులకు మహమ్మారి శిక్షణ: వీడియో పాఠమా, డ్రిల్లా?

ఖర్చు చూస్తే వీడియో పాఠమే చవక. ఒకసారి తయారైతే రాత్రి డ్యూటీవారు కూడా వీలున్నప్పుడు చూసుకోవచ్చు. డ్రిల్లుకు, అంటే స్వయంగా చేసి నేర్చుకునే సాధనకు, గౌన్లు, గ్లోవులు, మాస్కులు కావాలి. డ్యూటీ నుంచి మనుషులను తప్పించాలి.

ప్రమాదం మాటకు వస్తే తూకం మారిపోతుంది. ఈ రక్షణ దుస్తులు (పీపీఈ) విప్పేటప్పుడే ఒంటికి క్రిములు అంటుకునే ముప్పు ఎక్కువ. గ్లోవుల మీద మెరిసే పొడి రాసి, అన్నీ విప్పాక అతినీలలోహిత దీపం కింద నిలబెడితే మణికట్టు మీదో మెడ దగ్గరో మచ్చలు వెలుగుతాయి. అవి చూసినవారు మళ్లీ తొందరపడరు. వెంటిలేటర్ మీదున్న రోగిని బోర్లా తిప్పడమూ అంతే: ట్యూబు ఊడకుండా నలుగురైదుగురు ఒకే లెక్కకు కదలాలి. తెర చూస్తే అది చేతికి రాదు.

మారిన మార్గదర్శకాలు అందరికీ వెంటనే చేరాలంటే వీడియో చాలు. వార్డు నుంచి ఐసీయూకు కొత్తగా వచ్చినవారికి మాత్రం డ్రిల్లు చేయించకుండా రోగిని అప్పగించకూడదు.