అడవి కొండల్లో ఒంటరి ప్రయాణం: 250 సీసీ ట్రయల్ బండితో ఏడేళ్లు

గాలితో చల్లబడే ఒకే సిలిండరు గల, రోడ్డుకూ మట్టి బాటకూ పనికొచ్చే 250 సీసీ ట్రయల్ మోటార్‌సైకిల్‌ను ఏడేళ్లలో సుమారు 26,000 కిలోమీటర్లు నడిపాను. అందులో అధికభాగం తెల్లవారుజామున ఒంటరిగా బయలుదేరి, అడవి కొండల్లోని మట్టి బాటల మీద పగలంతా తిరిగి, చీకటి పడకముందే తారురోడ్డు చేరుకున్న ప్రయాణాలే. నేను రాసేది ఈ తరగతి బండ్లలో చాలావాటికి వర్తిస్తుంది కనుక తయారీ సంస్థ పేరు ప్రస్తావించడం లేదు.

ముందుగా బరువు సంగతి చెప్పాలి, ఎందుకంటే ఒంటరి ప్రయాణంలో మిగిలినవన్నీ దాని తర్వాతే. ట్యాంకు నిండా పెట్రోలు ఉన్నప్పుడు నా బండి 130 కిలోలు తూగుతుంది. అంతకుముందు రెండేళ్లు 200 కిలోలు దాటిన పెద్ద బండి నడిపాను. రోడ్డు మీద అది ఎంతో హాయిగా ఉండేది, కానీ ఒకసారి ఇరుకైన ఏటవాలు బాటలో తలకిందులుగా పడిపోతే, సామాను మొత్తం విప్పి, నేల తవ్వి, దాన్ని నిలబెట్టేసరికి నలభై నిమిషాలు పట్టింది, ఆ తర్వాత క్లచ్ పట్టుకోవడానికి కూడా చేతుల్లో సత్తువ మిగలలేదు. ఇప్పటి బండి ఒకే చిత్తడి ఎక్కుడులో మూడుసార్లు పడినా మూడుసార్లూ నేనే లేపుకున్నాను. వాలులో పడినప్పుడు చక్రాలు పల్లం వైపుకు వచ్చేలా ముందు బండిని నేల మీదే జరిపి, గేరులో ఉంచి, నడుముతో కాక తొడల బలంతో లేపితే పని సులువవుతుంది. బండి కొనదలచినవారు దుకాణంలోనే దాన్ని పక్కకు పడుకోబెట్టి, ఎవరి సాయమూ లేకుండా వరుసగా మూడుసార్లు లేపి చూడాలని నా సలహా. మూడోసారి లేపలేకపోతే, ఆ బండి ఎంత మంచిదైనా ఒంటరిగా అడవిలోకి తీసుకువెళ్లదగినది కాదు.

ఇంజను శక్తి ఇరవై హార్స్‌పవర్‌కు కాస్త తక్కువే, అయినా కొండ బాటల్లో నాకు అది చాలలేదని ఎన్నడూ అనిపించలేదు. మొదటి గేరులో నడక వేగంతో, క్లచ్‌ను అరగదీయకుండా రాళ్ల ఎక్కుడు ఎక్కగలగడమే ఇక్కడ ముఖ్యం. అందుకోసం ముందు స్ప్రాకెట్‌ను, అంటే చెయిన్‌ను తిప్పే పళ్ల చక్రాన్ని, ఒక పన్ను తక్కువ ఉన్నదానితో మార్చాను. దీనివల్ల హైవే మీద ఇంజను ఎక్కువ తిరుగుతుంది, గంటకు ఎనభై దాటితే హ్యాండిల్ అదురు వేళ్లను తిమ్మిరెక్కిస్తుంది. పెట్రోలునూ గాలినీ యాంత్రికంగా కలిపే కార్బురేటర్ ఉన్న బండి కావడంతో ఎత్తు పెరిగే కొద్దీ మరో తేడా కూడా కనిపిస్తుంది. సముద్రమట్టంతో పోలిస్తే 2,000 మీటర్ల ఎత్తున గాలి సాంద్రత దాదాపు ఐదో వంతు తగ్గుతుంది కనుక, మిశ్రమంలో పెట్రోలు వాటా ఎక్కువై ఇంజను మందగిస్తుంది, స్పార్క్ ప్లగ్ నల్లబడుతుంది. పెట్రోలును ఎలక్ట్రానిక్ కొలతతో చిమ్మే ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న బండ్లు ఈ మిశ్రమాన్ని సరిదిద్దుకుంటాయి, అయితే పలుచని గాలి వల్ల తగ్గిన శక్తిని మాత్రం అవి కూడా తిరిగి తేలేవు.

టైర్ల విషయంలో నాకు బుద్ధి రావడానికి రెండేళ్లు పట్టింది. ముందు 21 అంగుళాలు, వెనుక 18 అంగుళాల చక్రాలు ఈ తరగతికి ఊరికే పెట్టినవి కావు, పెద్ద ముందు చక్రం రాళ్లనూ చెట్ల వేళ్లనూ తాకి ఆగిపోకుండా వాటి మీదుగా దొర్లిపోతుంది. తారురోడ్డు మీద 22 పీఎస్ఐ గాలితో వెళ్లి, బాట మొదలయ్యే చోట దాన్ని 15కు తగ్గిస్తే, జారుతున్న బండి ఒక్కసారిగా నేలను కరచుకున్నట్టు మారిపోతుంది. అయితే గాలి తగ్గించినప్పుడు టైరు రిమ్ము మీద జరిగి ట్యూబు వాల్వ్‌ను తెంపేసే ప్రమాదం ఉంది. అలా ఒకసారి దిగబడ్డాక టైరును రిమ్ముకు అదిమి పట్టే రిమ్ లాక్ బిగించుకున్నాను. 21 అంగుళాల ట్యూబు ఒక్కటి వెంట ఉంటే చాలు, అవసరం పడితే వెనుక చక్రంలోనూ దాన్ని సర్ది నెమ్మదిగా బయటపడవచ్చు.

తడిసిన చెట్ల వేళ్లు ఈ ప్రయాణంలో అన్నిటికన్నా మోసకారి అడ్డంకులు. వాటిని ఏటవాలుగా దాటితే ముందు చక్రం వేరు వెంబడే జారిపోతుంది, కాబట్టి వేరుకు వీలైనంత లంబంగా, బ్రేకు వదిలి దాటాలి. వాగుల దగ్గర బండి దిగి, కర్రతో లోతు చూసుకుని, ఎయిర్ ఫిల్టర్ గాలి పీల్చే చోటికి నీరు అందదని రూఢి చేసుకున్నాకే దిగుతాను. నీళ్లలో పడి ఇంజను ఆగిపోతే స్టార్టర్ నొక్కకూడదు, ఎందుకంటే గాలిలా నీరు కుదించుకుపోదు, పిస్టన్ దాన్ని నొక్కబోతే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ముందు ప్లగ్ విప్పి, ఇంజను తిప్పి, నీటిని బయటకు కొట్టించాలి.

ట్యాంకులో తొమ్మిది లీటర్లే పట్టడం ఈ బండికి అసలైన లోపం. రోడ్డు మీద లీటరుకు ముప్ఫై కిలోమీటర్లు వచ్చినా, చిన్న గేర్లలో ఎక్కుతూ దిగుతూ తిరిగే రోజున ఇరవై రెండు మించదు, అంటే మొత్తం రెండు వందల కిలోమీటర్లకు కాస్త తక్కువ. అందుకే ట్యాంకు సగం కాకముందే వెనుదిరగడం నేను పెట్టుకున్న నియమం. సీటు గట్టిది, హెడ్‌లైటు వెలుగు బలహీనం. లోయల్లో సూర్యుడు శిఖరం వెనక్కి వెళ్లాక, సాయంత్రం ఇంకా మిగిలి ఉండగానే చెట్ల కింద మసక కమ్ముతుంది కనుక, ఆ లైటును నమ్ముకుని ఆలస్యం చేయలేదు. సస్పెన్షన్ సంగతి నాకు ఫిర్యాదు లేనిది.

సెల్‌ఫోన్ సంకేతం అందని చోట తిరుగుతాను కనుక ఉపగ్రహ సందేశ పరికరాన్ని జేబులోనే ఉంచుకుంటాను, బండికి బిగించను. పడినప్పుడు బండి ఒకచోట, మనిషి ఒకచోట ఉండవచ్చు. దట్టమైన ఆకుల కప్పు కింద, ఇరుకు లోయల్లో అది సందేశాన్ని ఆలస్యంగా పంపుతుంది కాబట్టి, వెళ్లే దారీ తిరిగివచ్చే వేళా ఇంట్లో కాగితం మీద రాసి పెడతాను. ఎండాకాలంలో సైలెన్సర్‌లో నిప్పురవ్వలను ఆపే జాలీ ఉండేలా చూసుకోవాలి, వేడి సైలెన్సర్‌ను ఎండుగడ్డి మీద నిలపకూడదు. అడవి మనకు ఆతిథ్యం ఇస్తున్నప్పుడు ఇంత మాత్రం జాగ్రత్త అత్యవసరం.

1968లో యమహా డీటీ-1 రోడ్డుకూ బాటకూ సమానంగా పనికొచ్చే బండిని సామాన్య చోదకునికి చేరువ చేసింది. ఆ వంశానికి చెందిన ఈ బండి పోయిన వానాకాలంలో నాకు ఎంత ఉపకరించిందో మరువలేను. కొండవాలును చెక్కి వేసిన కాలిబాటంత ఇరుకు దారిలో, ఒక మలుపు తిరగగానే పడిపోయిన చెట్టు అడ్డంగా కనిపించింది. ఎడమవైపు కొండ, కుడివైపు లోయ, బండి తిప్పడానికి వెడల్పు లేదు. సైడ్‌స్టాండ్ వేసి, బండిని దాని మీదికి వాల్చి, చక్రాలు నేలను వదిలాక దాన్ని గుండ్రంగా జరుపుతూ వెనక్కి తిప్పాను. పది నిమిషాల్లో వచ్చిన దారినే తిరుగు ప్రయాణమయ్యాను, ట్యాంకులో ఇంకా సగానికి పైగా పెట్రోలు ఉంది.