జపానా, కొరియానా, టర్కీనా? ఇండోనేషియా పాస్‌పోర్టుతో ఏది మేలు

మా జకార్తా ఆఫీసులో రినా అని ఒకావిడ ఉంది. అందరం మ్బా రినా అంటాం, మ్బా అంటే మనం అక్కా అన్నట్టే, నాకంటే చిన్నదే అయినా ఇక్కడ అలాగే పిలవాలి. పోయిన నెల భోజనాల దగ్గర ఫోన్‌లో మూడు ప్యాకేజీలు చూపించి, "పాక్ (మనం సార్ అన్నట్టే, నన్ను ఇక్కడ అలా పిలుస్తారు), సింగపూరు, కౌలాలంపూరు చూసి చూసి మొహం మొత్తింది, డిసెంబరులో పాపను తీసుకుని ఈసారి దూరం వెళ్దామనుకుంటున్నాం, జపానా, కొరియానా, టర్కీనా? మీరైతే ఎటు వెళ్తారు?" అని అడిగింది. నాది ఇండియా పాస్‌పోర్టు, నన్ను అడిగితే ఏం లాభం అందామనుకున్నాను గానీ, ఏళ్ల తరబడి ఈ ఆఫీసులో అందరి వీసా కష్టాలూ విని విని నాకూ కాస్త అబ్బింది.

ముందు ఒక సంగతి. ఆసియాన్ దేశాల్లో ఇండోనేషియా వాళ్లకు వీసా గొడవే లేదు. సింగపూరు, మలేషియా, థాయిలాండ్, వియత్నాం, ఫిలిప్పీన్స్, ఎక్కడికైనా టికెట్ కొని విమానం ఎక్కడమే. హాంకాంగ్ కూడా వాళ్లకు 30 రోజులు వీసా లేకుండానే, మనమైతే ముందు ఆన్‌లైన్‌లో రిజిస్ట్రేషన్ చేసుకోవాలి, అదీ 14 రోజులకే. 2018 మేలో మోదీ జకార్తా వచ్చినప్పుడు ఇండోనేషియా వాళ్లకు 30 రోజుల వీసాను ఫీజు లేకుండా ఇస్తామని ప్రకటించి వెళ్లారు. మనం మాత్రం బాలీలో దిగగానే 5 లక్షల రుపియాలు కట్టి మరీ వీసా తీసుకోవాలి. రినా ఈ మాట ఎత్తి నన్ను ఇప్పటికీ ఏడిపిస్తుంది.

ఆ గీత దాటి బయటికి వెళ్తేనే అసలు లెక్క మొదలవుతుంది. "ఇన్ని దేశాలకు వీసా అక్కర్లేదు" అనే లిస్టులు చూసి నిర్ణయించుకునే వాళ్లకు నేను చెప్పేది ఒకటే, అది తర్వాత చూడొచ్చు, ముందు మీ చేతిలో ఉన్న పుస్తకం ఏ రకమో, మీ బ్యాంకు స్టేట్‌మెంట్ ఎలా ఉందో చూసుకోండి.

జపాన్ సంగతే తీసుకోండి. 2014 డిసెంబరు 1 నుంచి ఇండోనేషియా వాళ్లకు అక్కడ వీసా మినహాయింపు ఉంది, కానీ ఈ-పాస్‌పోర్టు ఉన్న వాళ్లకే. అట్ట మీద కింద చిన్న దీర్ఘచతురస్రం, మధ్యలో సున్నా ఉన్న గుర్తు కనిపిస్తే లోపల చిప్ ఉన్నట్టు. ఆ గుర్తు ఉందికదా అని నేరుగా ఎయిర్‌పోర్టుకు వెళ్తే కుదరదు, ముందు జపాన్ ఎంబసీ దగ్గర పాస్‌పోర్టు నమోదు చేయించుకోవాలి. ఒక్కసారి నమోదైతే మూడేళ్లు, లేదా పాస్‌పోర్టు గడువు, ఏది ముందైతే అంతవరకు ఎన్నిసార్లయినా వెళ్లి రావచ్చు, వెళ్లిన ప్రతిసారీ 15 రోజులకు మించి ఉండకూడదు. వీసా ఫీజు లేదు. అన్నిటికంటే ముఖ్యం, బ్యాంకు స్టేట్‌మెంట్ అడగరు, ఉద్యోగం కాగితం అడగరు. అదే మామూలు పాస్‌పోర్టు అయితే రోజువారీ ప్రయాణ ప్లాను, బ్యాంకు కాగితాలు, ఫ్యామిలీ కార్డు అన్నీ పట్టుకుని మామూలు వీసాకు పెట్టుకోవాల్సిందే. ఒకే దేశం, ఒకే ఊరి మనుషులు, అట్ట మీది ఆ చిన్న గుర్తు దగ్గర రెండు దారులు అయిపోతాయి.

ఆ గుర్తు ఖరీదు ఎంతంటే, పదేళ్ల ఈ-పాస్‌పోర్టు 9 లక్షల 50 వేల రుపియాలు, మన డబ్బులో సుమారు ఐదు వేలు. ఐదేళ్లదైతే 6 లక్షల 50 వేలు, చిప్ లేని ఐదేళ్ల పుస్తకం 3 లక్షల 50 వేలు. ఈ పదేళ్ల గడువు కూడా 2022 అక్టోబరులో వచ్చిందే, అదీ పెద్దవాళ్లకే, పిల్లలకు ఐదేళ్లే. చవగ్గా వస్తుందని చిప్ లేనిది తీసుకున్న వాళ్లు ఆ మిగిల్చిన డబ్బును తర్వాత వీసా ఫీజుల్లో, సెలవుల్లో పోగొట్టుకోవడం నేను కళ్లారా చూశాను.

కొరియా వేరే కథ. ఇక్కడ పిల్లలంతా కొరియా డ్రామాల పిచ్చిలో ఉంటారు, రినా కూతురు ఏడేళ్లది, అమ్మా నాన్నలను కొరియన్‌లో పిలుస్తోంది. కానీ సియోల్‌కు కుటుంబంగా తమంతట తాము వెళ్లాలంటే ఇండోనేషియా వాళ్లకు పాస్‌పోర్టులో చిప్ ఉన్నా లేకపోయినా వీసా కావాలి. ఒక్కసారి వెళ్లి వచ్చే వీసాకు 40 డాలర్లు, దరఖాస్తు సెంటర్ చార్జీ అదనం. ఫీజు కాదు బాధ, కాగితాలతోనే వస్తుంది. మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు (ఇక్కడ దాన్ని రెకెనింగ్ కోరాన్ అంటారు, కోరాన్ అంటే వార్తాపత్రిక, ఎందుకలా అంటారో ఎవరూ సరిగ్గా చెప్పలేదు), ఉద్యోగం లెటర్, ఇన్‌కం టాక్స్ రిటర్ను, ఫ్యామిలీ కార్డు. రినాది నెల జీతం కాబట్టి ఆవిడకు పర్లేదు. వాళ్లాయన ఆన్‌లైన్‌లో బాతిక్ చొక్కాలు అమ్ముతాడు, జీతం లేదు, లెటర్ ఇచ్చే బాసు లేడు, ఖాతాలోకి ఒకరోజు రెండు కోట్ల రుపియాలు వస్తే మర్నాడే గుడ్డల వ్యాపారికి వెళ్లిపోతాయి.

ఇలాంటప్పుడే ఏజెంట్లు దిగుతారు. మా ఆఫీసులో ఒకతను ఏజెంటు మాట విని దరఖాస్తుకు వారం ముందు బావమరిది దగ్గర డబ్బు తెచ్చి ఖాతాలో వేశాడు, బ్యాలెన్స్ లావుగా కనిపిస్తుందని. స్టేట్‌మెంట్‌లో మూడు నెలలు నిద్రపోయిన ఖాతా చివరి వారంలో ఒక్కసారిగా లేచి కూర్చుంటే చూసేవాడికి తెలియదా? వీసా రాలేదు, ఫీజు పోయింది, టికెట్ డబ్బు సగమే తిరిగొచ్చింది. ఏజెంటు మాత్రం "ఇంకోసారి ట్రై చేద్దాం పాక్" అన్నాడట.

కొరియాలో ఇంకో ఉచ్చు ఉంది, జెజు ద్వీపం. జెజుకు నేరుగా దిగితే 30 రోజులు వీసా అక్కర్లేదు, సింగపూరు నుంచి స్కూట్ విమానం కూడా ఉంది. అది చూసి "జెజులో దిగి, అక్కడి నుంచి సియోల్‌కు లోకల్ ఫ్లైట్ ఎక్కేద్దాం" అని ప్లాను వేసే వాళ్లను కనీసం ముగ్గురిని చూశాను. కుదరదు. వీసా లేకుండా దిగినవాళ్లు జెజు దాటి కొరియాలో ఇంకెక్కడికీ వెళ్లకూడదు. సముద్రం, కొండ, కమలాతోటలు చాలు అనుకుంటే జెజు బాగానే ఉంటుంది, ఏడేళ్ల పాపకు మాత్రం సియోల్ చూపిస్తానని చెప్పి తీసుకెళ్లకండి.

టర్కీకి వీసా లేదు, 30 రోజులు. చిప్ ఉన్నా లేకపోయినా ఒకటే, బ్యాంకు కాగితాలు ఎవరూ అడగరు. జకార్తా నుంచి ఇస్తాంబుల్ నేరుగా పన్నెండు గంటలు, టికెట్టు ఖరీదెక్కువ, చిన్నపిల్లతో కొంచెం కష్టమే. ఉమ్రాకు (మక్కా యాత్రకు) వెళ్లే పెద్దవాళ్లు "ఉమ్రా ప్లస్ టర్కీ" అని కలిపి వెళ్తుంటారు, వాళ్లకు ఇది అన్నిటికంటే సుఖం. అదే నాలాంటి ఇండియా పాస్‌పోర్టు వాడు టర్కీకి ముందుగా వీసా పెట్టుకోవాలి, అమెరికా, షెంగెన్ (చాలా యూరప్ దేశాల ఉమ్మడి వీసా) లాంటి వీసా ఏదైనా చేతిలో ఉంటే ఈ-వీసా, లేకపోతే పాస్‌పోర్టులో అంటించే స్టిక్కర్ వీసా.

రినా జాబితాలో యూరప్ లేదు, కానీ తర్వాత ఎప్పుడైనా వెళ్లే ఉద్దేశం ఉంటే ఒకటి గుర్తుంచుకోవాలి. షెంగెన్ వీసా 90 యూరోలు, వేలిముద్రలు, 30,000 యూరోల ఇన్సూరెన్సు, అన్నీ ఉంటాయి. 2025 జులైలో ఇండోనేషియా అధ్యక్షుడు ప్రబోవో బ్రస్సెల్స్ వెళ్లినప్పుడు, రెండోసారి వచ్చే ఇండోనేషియా వాళ్లకు మల్టిపుల్ ఎంట్రీ (ఎన్నిసార్లయినా వెళ్లొచ్చే) వీసా ఇస్తామని యూరోపియన్ యూనియన్ ప్రకటించింది. మనవాళ్లకు ఇలాంటిదే 2024 ఏప్రిల్‌లో వచ్చింది, కాకపోతే మూడేళ్లలో రెండు వీసాలు వాడి ఉండాలి. అంటే మొదటి వీసాకు పడే పాట్లు రెండోదాంట్లో కలిసొస్తాయి. ఇంకో చిత్రం చెప్పనా, 2022 ఆగస్టులో జర్మనీ వాళ్లు ఇండోనేషియా కొత్త పాస్‌పోర్టులను కొన్నిటిని ఒప్పుకోమన్నారు, కారణం, వాటిలో సంతకానికి గడి లేదు. తర్వాత ఇమిగ్రేషన్ ఆఫీసుల్లో వేరే పేజీలో సంతకం పెట్టించి ముద్ర వేసి ఇచ్చారు. పుస్తకం తయారుచేసిన వాళ్లు మర్చిపోయిన గడికి క్యూలో నిలబడింది జనం.

పేరు గొడవ కూడా ఉంది. రినా పాస్‌పోర్టులో రినా అనే ఒక్క మాటే ఉంది, ఇంటిపేరు లేదు, జావా వాళ్లలో ఇది మామూలే. టికెట్ బుక్ చేసేటప్పుడు రెండు గళ్లలోనూ రినా రినా అని రాస్తుంది. మనకు ఇంటిపేరు ఒక అక్షరానికి కుదించి తిప్పలు, వాళ్లకు అసలు లేక తిప్పలు. 2022 నవంబరులో యుఏఈ ఒకే పేరున్న పాస్‌పోర్టులకు విజిట్ వీసా ఇవ్వమన్నప్పుడు మనవాళ్లకూ ఆ సెగ తగిలింది.

ఇక నా తీర్పు. నెల జీతం లేని వాళ్లకు, పిల్లలున్న వాళ్లకు, మొదటిసారి దూరం వెళ్లే వాళ్లకు జపానే మేలు, ఈ-పాస్‌పోర్టు ఉంటే. పెద్దవాళ్లకు, పాత పుస్తకం ఇంకా చాలా ఏళ్లు ఉన్నవాళ్లకు టర్కీ. కొరియా మీద మనసు పడితే డబ్బు ఖాతాలోకి సహజంగా వచ్చిపోయే అలవాటు మూడు నెలల ముందే మొదలుపెట్టి అప్పుడు అడగండి.

ఇదంతా చెప్పాక రినా నవ్వుతూ బ్యాగులోంచి మూడు పాస్‌పోర్టులూ తీసి బల్ల మీద పెట్టింది. తనదానికి గుర్తు ఉంది. పాపదానికి ఉంది. మూడోది, వాళ్లాయనది, తిప్పి చూసింది, మళ్లీ తిప్పింది, వేలితో అట్ట మీద రుద్ది కూడా చూసింది. లేదు. "నాలుగేళ్లు గడువుంది పాక్, పారేయాలా?" అంది. పారేయక్కర్లేదు, మార్చుకోవచ్చు అన్నాను. ఆ సాయంత్రమే ఎం-పాస్పోర్ యాప్‌లో స్లాట్ దొరికిందట, అదేరోజు పుస్తకం ఇచ్చే సర్వీసుకు ఇంకో పది లక్షల రుపియాలు అవుతుందంటే వాళ్లాయన ససేమిరా అన్నాడట, డిసెంబరుకు ఇంకా టైముందిగా అని.