కమర్షియల్ బిల్డింగ్‌కి ఆర్‌సీసీ ఫ్రేమా, స్టీల్ ఫ్రేమా?

ముందు తేల్చుకోవాల్సింది స్పాన్ అండి, అంటే పిల్లరుకీ పిల్లరుకీ మధ్య దూరం. మామూలు ఆర్‌సీసీ (లోపల ఇనుప కమ్మీలు పెట్టి పోసిన కాంక్రీట్) బీమ్ అయితే 6 నుంచి 8 మీటర్ల దాకా హాయిగా వెళ్తుంది, ఆ పైన బీమ్ లోతు పెరిగిపోయి ఏసీ డక్టులకి జాగా మిగలదు, పోస్ట్ టెన్షనింగ్ (కాంక్రీట్ గట్టిపడ్డాక లోపలి స్టీల్ కేబుళ్లని లాగి బిగించడం) చేస్తే ఇంకాస్త లాగొచ్చు. అదే స్టీల్ బీమ్ మీద డెక్ షీట్ (మడతల ఇనుప రేకు) పరిచి, కాంక్రీట్‌ని బీమ్‌కి పట్టి ఉంచే షియర్ స్టడ్స్ అనే చిన్న ఇనుప మేకులు వెల్డ్ చేసి కాంక్రీట్ పోస్తే రెండూ కలిసి లోడ్ మోస్తాయి, 12 మీటర్లు కూడా పెద్ద కష్టం కాదు, షోరూమ్ మధ్యలో పిల్లర్ అడ్డు రాదు.

స్పీడ్‌లో స్టీలే ముందు. కాంక్రీట్ బలం లెక్కేసేదే 28 రోజులకి, స్లాబ్ కింద నిలబెట్టిన ప్రాప్‌లు (తాత్కాలిక ఊతలు) తీసేదాకా కింద ఫ్లోర్‌లో ఇంకో పని నడవదు. స్టీల్ ఫ్రేమ్ బరువు తక్కువ కాబట్టి నేల మెత్తగా ఉన్నచోట ఫౌండేషన్ ఖర్చూ తగ్గుతుంది.

కానీ ఫైర్ సంగతి మర్చిపోవద్దు ప్లీజ్! స్టీల్ కాలదు కదా అంటారు, 600 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాని బలం సగానికి పైగా పోతుంది, అందుకే ఫైర్ కోటింగ్ ఖర్చు మొదటి రోజే ఎస్టిమేట్‌లో పెట్టాలి. ఆర్‌సీసీలో కవర్ కాంక్రీటే, అంటే కమ్మీ చుట్టూ ఉండే కాంక్రీట్ పొరే, కమ్మీని కాపాడుతుంది, కమ్మీకి ఆ దూరం ఉంచే కవర్ బ్లాకులు సరిగ్గా పెడితేనే లెండి. బీమూ పిల్లరూ కలిసే చోట కమ్మీలు కిక్కిరిసి కాంక్రీట్‌ని కుదించే వైబ్రేటర్ సూది దూరకపోతే లోపల హనీకోంబ్ (తేనెపట్టులా ఖాళీలు) వస్తుంది, నాకు అన్నిటికన్నా భయం అదే.

స్పాన్ 8 మీటర్ల లోపుంటే, సైట్‌లో మంచి సూపర్‌విజన్ ఉంటే నా ఓటు ఆర్‌సీసీకే.