లైవ్ నుంచి డెవ్‌కు మైఎస్‌క్యూఎల్ రెప్లికేషన్: ఒక మిర్చి సీజన్ వాడినంక

ఐదుకు నాలుగు స్టార్లు ఇస్తాన్న. ఆ ఒక్కటి తగ్గినదాంట్ల సగం తప్పు మాదే, ముందే చెప్తాన్న.

మాది హన్మకొండల చిన్న ఆఫీసు, ఐదుగురం ఉంటం. ఎనుమాముల మార్కెట్ అడ్తిదారులకు (పంట అమ్మిపెట్టే కమీషన్ ఏజెంట్లకు) తక్‌పట్టీల సాఫ్ట్‌వేర్ చేసిచ్చినం, జెండా పాట (రేటు కట్టే వేలం) అయినంక కాంటా, హమాలీ లెక్కలన్నీ చూసి రైతు చేతికి ఎంతొస్తదో స్లిప్ తీసిస్తది. లైవ్ డేటాబేస్, అంటే అడ్తిలు రోజు వాడేది, మైఎస్‌క్యూఎల్‌తోని క్లౌడ్ల ఉంటది, డెవలప్‌మెంట్ సర్వర్ (డెవ్, మేం టెస్ట్ చేసుకునేది) అంటే ఆఫీసుల మూలకున్న పాత డెస్క్‌టాప్. బగ్ వచ్చిందని అడ్తి నుంచి ఫోన్ వస్తే మేం చూస్తుంటిమి, మా దగ్గర మంచిగనే నడుస్తుండె, ఎందుకంటే మాకాడ ఉన్నది ఆర్నెల్ల కిందటి డేటా. ఇట్లగాదని లైవ్‌ల పడ్డది పడ్డట్టు డెవ్‌కు వచ్చేటట్టు రెప్లికేషన్ పెట్టినం.

సెటప్ అనుకున్నంత లొల్లి కాదు. మైఎస్‌క్యూఎల్ 8.0 నుంచి బిన్‌లాగ్ (డేటాల అయిన మార్పులన్నీ రాసుకునే ఫైల్) దానంతటదే ఆన్‌ల ఉంటది, రెండు మిషన్లకు సర్వర్ ఐడీ వేరేవేరే పెట్టాలె, రెప్లికేషన్‌కు ఒక యూజర్ చెయ్యాలె, సింగిల్ ట్రాన్సాక్షన్ ఆప్షన్‌తోని డంప్ (మొత్తం డేటా కాపీ) తియ్యాలె. ఆ ఆప్షన్ ఉంటే టేబుళ్లు లాక్ కావు, అడ్తిల బిల్లులు ఆగవు, కానీ టేబుళ్లు ఇన్నోడీబీ అనే స్టోరేజ్ పద్ధతివి అయితేనే. మావి పాతవి రెండు మైఐశామ్ అనే పాత పద్ధతిల ఉండె, అవి ముందు మార్చుకున్నం. డంప్‌లనే బిన్‌లాగ్ ఎక్కడిదాకా వచ్చిందో కూడ రాసుకునే ఆప్షన్ ఉంటది, రెప్లికా, అంటే కాపీ ఉండే మిషన్, అక్కడి నుంచి అందుకుంటది.

నెట్ల దొరికే పాత గైడ్లతోని మాత్రం పరేషాన్ అయితరు. 8.0.22 నుంచి స్లేవ్ అన్న మాట తీసి రెప్లికా అని పెట్టుకుంట వచ్చిన్రు, 8.4ల అయితే పాత కమాండ్లు మొత్తమే పోయినయి, చేంజ్ మాస్టర్ అని కొడితే సింటాక్స్ ఎర్రర్ అంటది. ఇంకోటి, 8.0ల కొత్త యూజర్‌కు పాస్‌వర్డ్ పద్ధతి మారింది, ఎస్‌ఎస్‌ఎల్ (కనెక్షన్‌కు గూఢలిపి రక్షణ) లేకుంట కనెక్ట్ చేస్తే 2061 ఎర్రర్ వస్తది. మాకు ఒక పూట అంతా దీనికే పోయింది. మైఎస్‌క్యూఎల్ వాడే 3306 పోర్ట్ లోకానికంతా తెరిచి పెట్టకుర్రి, మేం వైర్‌గార్డ్ అనే వీపీఎన్ లోపలి నుంచి నడిపిస్తున్నం.

ఇగ అసలు కథ. డెవ్ సర్వర్ అంటే మా పిలగాళ్లు టెస్ట్ తక్‌పట్టీలు కొడ్తనే ఉంటరు కదా, రెప్లికా మీదనే కొట్టిన్రు. డెవ్‌ల ఒక నంబరు పడ్డది, అదే నంబరుతోని కాసేపటికి లైవ్‌ల నిజం తక్‌పట్టీ పడ్డది, అది ఇటు రాంగనే 1062, డూప్లికేట్ అని ఆగిపోయింది. ఆగింది అని ఎవ్వరికి తెల్వదు, ఎందుకంటే లాగ్ తెచ్చే థ్రెడ్ నడుస్తనే ఉంటది, తెచ్చినదాన్ని టేబుల్ల ఎక్కించే థ్రెడ్ ఒక్కటే పడుకుంటది. నాలుగు రోజులైనంక చూసినం. అడిగితే ఒక ఫ్రీలాన్సర్ అన్న స్కిప్ కౌంటర్ (ఆగినదాన్ని దాటేసేది) పెట్టు అయిపోతది అన్నడు, పెట్టినం, నడిచింది, మళ్ల ఆగింది, మళ్ల పెట్టినం. గట్ల పదిసార్లు దాటేసినంక 1032 మొదలైంది, అంటే మార్చుమన్న రో ఇక్కడ లేనే లేదు. రెండు డేటాబేసులు రెండు ఊర్లయినయి. అన్నీ పక్కకు పెట్టి మళ్ల మొదటి నుంచి కట్టినం, ఈసారి జీటీఐడీతోని, అంటే ప్రతి ట్రాన్సాక్షన్‌కు ఒక సొంత గుర్తు ఉంటది.

అంతకంటే పెద్ద ముచ్చట ఎస్‌ఎంఎస్‌ది. లైవ్ డేటా అంటే రైతుల అసలు ఫోన్ నంబర్లు కూడ వస్తయి కదా, మా డెవ్‌ల మెసేజ్‌లు పంపే క్రాన్ (టైముకు దానంతటదే నడిచే పని) ఒకటి ఆన్‌ల ఉండిపోయింది. ఒక రోజు రెప్లికా నుంచి, పైసలు జమ అయినయని రైతులకు రెండో మెసేజ్ పోయింది. పొద్దున్నే అడ్తి సేటు ఫోన్: "ఏం తమ్మీ, రైతులు దుకాణం ముంగట లైన్ కట్టిన్రు, రెండోసారి పైసలు ఏవని అడుగుతాన్రు, నేనేడికెళ్లి తేవాలె?" నేను స్కూటీ మీద ఎనుమాములకు ఉరికిన. మిర్చి ఘాటుకు కండ్లు మండుకుంట అందరికి సమజ్ చేసేసరికి పదకొండయింది.

సంక్రాంతి సెలవులకు ఆఫీసు మిషన్ బంద్ చేసి పోయినం, క్లౌడ్ల డిస్క్ చిన్నగున్నదని బిన్‌లాగులు రెండు రోజులకే చెరిగిపోయేటట్టు పెట్టుకున్నం (మామూలుగ అయితే 30 రోజులుంటయి), తిరిగొచ్చేసరికి 1236, నీకు కావాల్సిన లాగ్ ఇక్కడ లేదు పో అన్నది. మళ్ల డంప్. ఇప్పుడు ఏడు రోజులు పెట్టినం, డిస్క్‌కు ఇంకొన్ని పైసలు పెట్టినం.

లైవ్‌కు డెవ్‌కు మధ్యల ఇప్పుడు ఇంకో మిషన్ ఉన్నది. రెప్లికా అదే, సూపర్ రీడ్ ఓన్లీ, అది ఆన్‌ల ఉన్నంతసేపు రూట్ పాస్‌వర్డ్ తెలిసినోడు కూడ దాంట్ల రాయలేడు. రోజు రాత్రి దాని నుంచి డంప్ తీసి, ఫోన్ నంబర్లు మార్చి, డెవ్‌ల పోస్తది. పిలగాళ్లు డెవ్‌ను ఏమన్న చేసుకోనీ, తెల్లారితే కొత్తది. ఎంత వెనకున్నమో చూపే లెక్క నల్ (ఖాళీ, అంటే ఆగినట్టు) అని వస్తే నా టెలిగ్రామ్‌కు గంట కొడతది. బ్యాకప్ మాత్రం వేరేగ తీస్తనే ఉన్నం, లైవ్‌ల ఎవడన్న టేబుల్ డ్రాప్ కొడితే రెప్లికాల కూడ అదే సెకన్‌ల ఎగిరిపోతది. గంట లేటుగ నడిచేటట్టు కూడ పెట్టుకోవచ్చు, మేమింక పెట్టలే.

ఒక్క స్టార్ ఎందుకు తగ్గించిన అంటే, ఆగిపోయినప్పుడు దానంతటది నోరు తెరవది. అంతే. సాఫ్ట్‌వేర్‌కు పైసా ఖర్చు లేదు, రోజుకు వేల తక్‌పట్టీలు పడే సీజన్ల కూడ రెండు మూడు సెకన్ల కంటే ఎక్కువ వెనక పడలే.

డెవ్‌ల ఇప్పుడు రైతులందరి ఫోన్ నంబరు ఒక్కటే, అది నాది. నిన్న రాత్రి ఎవడో టెస్ట్ కొట్టిండు, పొద్దున లేచేసరికి నాకు మిర్చి పైసలు జమ అయినయని మూడు వందల మెసేజ్‌లు.